నలుగురు మోసిన పరుపు

ధ్యాన భాగములు: మార్కు 2:1-12; 1 రాజులు 19:1-8



ఎల్లారెడ్డి నుండి కామారెడ్డికి వెళ్లే బస్సు దారి నాకు బాగా తెలిసినదే. లింగంపేట, తాడ్వాయి మీదుగా వెళ్లే ఆ దారిన వివాహములకు, భూస్థాపనలకు, సంఘ కూటములకు ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. కాని 2023వ సంవత్సరం నవంబరు నెలలో ఒక ఉదయం చేసిన ప్రయాణమును మాత్రం నేను మరువలేను. నా ప్రక్కన కిటికీ దగ్గర ఇరవై మూడేళ్ల యువకుడు కూర్చున్నాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ముందు సీటులో అతని తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని కూర్చున్నది. మేము వెళ్తున్నది మానసిక వైద్యుని దగ్గరకు.

ఆ ప్రయాణము మూడు వారాల ముందే చేయవలసినది. ఆలస్యమునకు కారణము ఆ తల్లి కాదు, ఆ బిడ్డ కాదు. నేనే. ఆ సంగతి మీ ముందు ఒప్పుకొనుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాను. ఆ యువకుని అనుమతితోనే, అతని పేరు, ఊరు, చదివిన చోటు చెప్పకుండా, కొన్ని గుర్తులు మార్చి వ్రాస్తున్నాను.

నేను చేసిన పొరపాటు

ఆ ఇంటిలో పదవ తరగతి దాటినవాడే అతనికి ముందు ఎవరూ లేరు. తండ్రి గల్ఫ్‌లో కూలి. తల్లి బీడీలు చుట్టి ఇల్లు గడుపుతున్నది. మన ప్రాంతములో ఇటువంటి ఇండ్లు ఎన్ని ఉన్నవో మీకు తెలుసు. కొడుకు డిగ్రీ మంచి మార్కులతో పాసై విశ్వవిద్యాలయములో పీజీ సీటు తెచ్చుకున్నాడు. ఆదివారము ఆరాధనలో డోలక్ వాయించేవాడు అతడే.

మొదటి సంవత్సరములో రెండు పేపర్లు పోయినవి. పాఠాలన్నీ ఇంగ్లీషులో. అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు. తండ్రి ఫోన్ చేసినప్పుడెల్లా “ఉద్యోగము ఎప్పుడు వస్తది బిడ్డా?” అని అడిగే ఒక్క ప్రశ్న. దసరా సెలవులకు ఇంటికి వచ్చేసరికి పిల్లవాడు సగమైనాడు.

తల్లి నా దగ్గరకు వచ్చింది. “అయ్యగారూ, పిల్లగాడు తింటలేడు, నిద్ర పోతలేడు. ఎవ్వలతోని మాట్లాడుతలేడు. చుట్టుపక్కలోళ్లు గాలి సోకిందంటున్నరు. నాకు భయమైతుంది” అన్నది. గాలి, బాణామతి అనే మాటలు నమ్మవద్దమ్మా అని గట్టిగా చెప్పాను. అంతవరకు సరియే. తరువాత ఆ బిడ్డను కూర్చోబెట్టి నేను అడిగిన ప్రశ్నలు రెండే. ప్రార్థన చేస్తున్నావా? వాక్యము చదువుతున్నావా? అతడు తల వంచుకున్నాడు. ఆ మౌనమును నేను పాపపు ఒప్పుకోలు అనుకున్నాను. మూడు దినములు ఉపవాస ప్రార్థన చేయుమని చెప్పి, చేతులుంచి పంపివేశాను.

అప్పటికే అన్నము మానిన బిడ్డకు నేను ఉపవాసము చెప్పాను. ఈ మాట వ్రాస్తుంటే ఇప్పటికీ నా మనస్సు నొచ్చుకుంటున్నది. ఎంతకాలము నుండి నిద్ర లేదని నేను అడగలేదు. బ్రతకాలని ఉన్నదా అని అడగలేదు. బాగైన తరువాత అతడు నాతో చెప్పిన మాట ఇది: “మీ ఇంట్ల నుంచి పోయినంక, దేవునికి గూడ నేను అక్కర లేదేమో అనిపించింది అయ్యగారూ.”

సెలవులు ముగిసి హాస్టల్‌కు వెళ్లాడు. అక్కడ గది స్నేహితుడు ఒక సంగతి కనిపెట్టాడు. ఇతడు తీసుకున్న చిన్న చిన్న అప్పులన్నీ తీర్చివేస్తున్నాడు. తన పుస్తకాలు ఒక్కొక్కటి జూనియర్లకు ఇచ్చివేస్తున్నాడు. స్నేహితునికి అనుమానము వచ్చింది. ఒక రాత్రి తలుపు దగ్గరకు వేసి సూటిగా అడిగాడు, “ఏమైందిరా, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా?” అని. అప్పటిదాకా ఎవరి ముందూ రాని కన్నీళ్లు అప్పుడు వచ్చినవి. ఆ స్నేహితుడు తెల్లవారేదాకా అతని ప్రక్క వదలలేదు. ప్రభుత్వ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేశాడు. అవతల తెలుగులో మాట్లాడిన సలహాదారు ఓపికగా విన్నారు. ఒంటరిగా వదలవద్దు, ఇంటివారికి చెప్పండి, వెంటనే వైద్యునికి చూపించండి అని చెప్పారు. ఉదయము మొదటి బస్సులో స్నేహితుడే అతన్ని ఇంటికి తెచ్చి తల్లికి అప్పగించాడు.

ఆ స్నేహితుడు మన సంఘమువాడు కాడు, మన విశ్వాసమువాడు కూడా కాడు. మంచి సమరయుని ఉపమానము మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ కథలో గాయపడినవానిని చూచి ప్రక్కగా వెళ్లిపోయిన యాజకుడు ఎవరో నాకు ఆ రోజున తెలిసింది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశములో 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణము తామే తీసుకున్నారు. ఆ సంవత్సరపు మొత్తము ఆత్మహత్యలలో అది సుమారు 7.6 శాతము. ప్రతి దినము సగటున ముప్పై అయిదుగురికి పైగా. బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, పెద్దవారిలో నూటికి సుమారు పదిమందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్లు తేలింది. వివిధ రుగ్మతలను బట్టి వారిలో 70 నుండి 92 శాతము మందికి చికిత్స అందడము లేదని కూడా ఆ సర్వే చెప్పింది. అంటే రోగము ఉన్నవారిలో అధికులు మౌనముగా భరిస్తున్నారు.

మన బిడ్డలు డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయములో, భిక్కనూరులోని దాని సౌత్ క్యాంపస్‌లో, కామారెడ్డి కళాశాలల్లో, హైదరాబాదులో ఉస్మానియాలో చదువుతున్నారు. వారిలో అనేకులు తమ ఇంటి నుండి ఉన్నత చదువుకు వెళ్లిన మొదటివారు. వారి సంచిలో పుస్తకములతో పాటు ఇంటిల్లిపాది ఆశ కూడా ఉన్నది. ఆ బరువు మనము వారి భుజము మీద పెట్టినదే.

ఏలీయాకు దేవుడు ఏమి చేశాడు?

“విశ్వాసికి క్రుంగుదల ఎట్లా వస్తుంది?” అని కొందరు అడుగుతారు. కర్మెలు కొండ మీద అగ్నిని దింపిన ఏలీయాకు ఎట్లా వచ్చిందో చూడండి. యెజెబెలు బెదిరింపునకు పారిపోయి, అరణ్యములో ఒక చెట్టు క్రింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణము తీసికొమ్మని దేవునినే అడిగాడు. అప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు. నీ విశ్వాసము ఏమైనదని ప్రశ్నించలేదు. ముందుగా నిద్ర పోనిచ్చాడు. దూతను పంపి తట్టి లేపి, వేడి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతడు తిని మరల పడుకొంటే మరల నిద్ర పోనిచ్చాడు, రెండవసారి తినిపించాడు. మాటలు హోరేబు చేరిన తరువాతనే.

ప్రధాన వైద్యుడైన దేవుడు నిద్ర, ఆహారము, ఒక స్పర్శ, ఒక తోడు, ఈ నాలుగింటితో మొదలుపెట్టాడు. నేను వీటిలో ఒక్కటి కూడా అడగక ప్రసంగముతో మొదలుపెట్టాను. హిజ్కియా పుండుకు అంజూరపు ముద్ద వేయించిన దేవుడు, వైద్యుడైన లూకాను పౌలు ప్రక్కన ఉంచిన దేవుడు వైద్యమునకు విరోధి ఎట్లా అవుతాడు? విరిగిన కాలికి కట్టు కట్టించుకొనుట అవిశ్వాసము కానప్పుడు, క్రుంగిన మనస్సుకు మందు తీసికొనుట అవిశ్వాసము కాదు.

డిచ్‌పల్లి నేర్పిన పాఠము

ఈనాడు తెలంగాణ విశ్వవిద్యాలయము ఉన్న డిచ్‌పల్లికి ఒక పాత చరిత్ర ఉన్నది. స్కాట్లాండు దేశమునకు చెందిన డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1907లో నాటి నిజాం రాజ్యమునకు మిషనరీలుగా వచ్చి నిజామాబాదు ప్రాంతములో పనిచేశారు. అప్పట్లో కుష్ఠు అంటే శాపము. రోగిని ఇంటివారే ఊరి బయటకు పంపేవారు. ఆ రోగుల కొరకు 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి మొదలైనది. దానికి ధనసహాయము చేసినవారు రాజా నర్సాగౌడ్ గారు, ఒక హిందూ దాత. డాక్టర్ ఇసబెల్ కెర్ 1932లో కన్నుమూసేదాకా ఆ రోగుల మధ్యనే సేవ చేసింది.

ఆనాడు కూడా ఇది పాపఫలమనీ, దాచిపెట్టాలనీ, వివాహాలు ఆగిపోతాయనీ చెప్పినవారు ఉన్నారు. రోగికి దేహము మీద ఉన్న గాయము కంటె ఊరు వేసిన ముద్ర ఎక్కువ బాధ పెట్టింది. మందు వచ్చింది, రోగము నయమయ్యేదని తేలింది, భయము క్రమముగా తగ్గింది. ఈనాడు మానసిక రోగము ఆ స్థానములో ఉన్నది. నూరేళ్ల క్రితము ఒక క్రైస్తవ వైద్యురాలు, ఒక హిందూ దాత కలిసి తెరిచిన తలుపును మనము మన బిడ్డల ముందు మూసివేయకూడదు.

పరుపునకు నాలుగు మూలలు

కపెర్నహూములో పక్షవాయువుగల మనుష్యుడు తనంతట తాను యేసు దగ్గరకు రాలేకపోయాడు. అతన్ని నలుగురు మోసుకొని వచ్చారు. జనసమూహము అడ్డముగా ఉంటే తిరిగి పోలేదు, ఇంటి కప్పు విప్పి దింపారు. ప్రభువు ఆ నలుగురి విశ్వాసమును చూచాడని మార్కు వ్రాశాడు. మనస్సు క్రుంగిన విద్యార్థి స్థితి అదే. “నీవే వెళ్లి డాక్టరుకు చూపించుకో” అంటే అతనికి లేచి స్నానము చేసే శక్తియే ఉండదు. ఎవరో ఒకరు పరుపు పట్టుకోవాలి.

మొదటి మూల స్నేహితుడిది. తోటి విద్యార్థిలో మార్పును మొదట చూచేది గదిలో ఉండేవాడే. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడిపోవడము, ఇష్టమైన పనులు వదలివేయడము, తరగతికి రాకపోవడము, నేను పనికిరానివాడనని పదే పదే అనడము, వస్తువులు పంచిపెట్టడము, వీడ్కోలు మాటలు మాట్లాడడము, ఇవి తేలికగా తీసికోవలసిన గుర్తులు కావు. సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించిన వారమవుతామని చాలామంది భయపడతారు. అది నిజము కాదు. ప్రేమతో అడిగితే భారము దిగుతుంది. “ఎవరికీ చెప్పను” అని మాత్రము ఒట్టు వేయవద్దు. ప్రాణము మీదకు వచ్చినప్పుడు రహస్యము కాపాడుట స్నేహము కాదు. ఒంటరిగా వదలక, పెద్దవారిని పిలువండి. అపాయము వెంటనే ఉన్నదనిపిస్తే 108కు ఫోన్ చేయండి.

రెండవ మూల ఇంటిది. తల్లిదండ్రులారా, “మేము ఇంత కష్టపడుతుంటే నీకేమి తక్కువైంది?” అనే మాట మానండి. ఆ మాట ప్రేమతో అన్నా బిడ్డకు నేరారోపణగా వినబడుతుంది. పేపరు పోయినా నీవు మా బిడ్డవే అని ఒక్కసారి నోటితో చెప్పండి. అన్నము తిన్నావా, నిద్ర పట్టిందా అని అడగండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రులారా, మీ ఫోన్‌లో మార్కుల కంటె ముందు మనస్సును గురించి అడగండి. బిడ్డ క్రుంగియున్న దినములలో ఇంట్లో పొలము మందులు తాళము వేసిన చోట ఉంచండి. పెండ్లి సంబంధాలు రావేమోనని వైద్యమును వాయిదా వేయకండి. చికిత్స లేని రోగమే సంసారమునకు ముప్పు తెస్తుంది.

మూడవ మూల విద్యాసంస్థది, వైద్యునిది. విశాఖపట్నములో 2023లో మరణించిన పదిహేడేళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెబుతూ, దేశములోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసము ఒక అర్హతగల కౌన్సిలర్‌నుగాని, మనస్తత్వ నిపుణునిగాని, సామాజిక కార్యకర్తనుగాని నియమించాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము పెట్టుకోవాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతులలో కనబడేటట్లు వ్రాసి పెట్టాలి. సిబ్బందికి సంవత్సరమునకు కనీసము రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కాబట్టి మీ కళాశాలలో కౌన్సిలర్ ఎవరని అడుగుట తలవంపు పని కాదు. అది మీ హక్కు. కళాశాల సమావేశాలకు వెళ్లే తల్లిదండ్రులు కూడా ఈ ప్రశ్న అడగాలి.

నాల్గవ మూల సంఘముది. దీనిని గురించి చివరలో చెబుతాను.

విద్యార్థులారా, మీతో కొన్ని మాటలు

సహాయము ఎక్కడ దొరుకుతుందని మీరు అడుగుతారు. మొదట గుర్తుంచుకోవలసిన నంబరు 14416. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలి మానస్’ సేవ ఇది. 1800-891-4416కు చేసినా అక్కడికే వెళ్తుంది. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, డబ్బు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు వింటారు. అవసరమైతే నిపుణునికి కలుపుతారు, లేక దగ్గరి వైద్యుని దగ్గరకు పంపుతారు. చచ్చిపోవాలని అనిపిస్తేనే చేయాలని లేదు. పరీక్షల భయము, నిద్రలేమి, ప్రేమలో దెబ్బ, ఇంటి గొడవ, ఏదైనా చెప్పవచ్చు. మొదటి వాక్యము ఎట్లా మొదలుపెట్టాలో తెలియకపోతే, “కొన్ని రోజుల నుండి నా మనస్సు బాగుండడము లేదు, ఎవరితోనైనా మాట్లాడాలి” అంటే చాలు.

తరువాత వైద్యుడు. దూరము వెళ్లలేనివారు మొదట ఎల్లారెడ్డిలోనే ప్రభుత్వ వైద్యునికి చూపించుకొనవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపము వంటివి కూడా నీరసమును, దిగులును కలిగిస్తాయి గనుక ముందుగా రక్తపరీక్ష చేయించుట మేలు. కామారెడ్డిలో 2023 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది, నిజామాబాదులో అంతకు ముందు నుండే ఉన్నది. ఇటువంటి ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగపు ఓపీ ఏయే రోజులలో ఉంటుందో అడిగి తెలుసుకొని వెళ్లండి. మరింత అవసరమైతే హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. “ఎర్రగడ్డ” అనే మాటను మనము ఎగతాళికి వాడుకొని ఎంతమందిని వైద్యమునకు దూరము చేశామో ఆలోచించండి. ఇకనైనా ఆ హాస్యము మానుదాము.

మానసిక వైద్యుడంటే ఎంబీబీఎస్ చదివి ఆ విభాగములో పై చదువు చదివిన డాక్టరు. మందు వ్రాసేది ఆయన. మనస్తత్వ నిపుణులు, కౌన్సిలర్లు మందు వ్రాయరు, మాటల ద్వారా ఆలోచనల చిక్కుముడి విప్పుతారు. కొందరికి మాట సహాయమే చాలును, కొందరికి మందు కావాలి, కొందరికి రెండూ కావాలి. క్రుంగుదలకు ఇచ్చే మందులు తలనొప్పి మాత్రవలె వెంటనే పనిచేయవు. గుణము కనబడుటకు రెండు నుండి నాలుగు వారాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి రోజులలో కడుపులో వికారము వంటివి రావచ్చు. అవి మత్తుకు అలవాటు చేసే మందులు కావు. అయితే కాస్త బాగుందని మీ అంతట మీరు ఒక్కసారిగా మానకూడదు. వైద్యుడే మెల్లగా తగ్గిస్తాడు.

“కాలేజీకి తెలిస్తే ఎట్లా?” అనే భయము వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము ప్రకారము మీ రోగ వివరాలు రహస్యముగా ఉంచాలి. ప్రాణాపాయము వంటి కొన్ని సందర్భాలలోనే మినహాయింపు. వైద్యము పొందుట ప్రతి మనిషి హక్కని ఆ చట్టము చెబుతున్నది. చావబోయి బ్రతికినవారి మీద పోలీసు కేసు పెడతారేమోనని ఆసుపత్రికి వెళ్లనివారు ఇంకా ఉన్నారు. ఆ చట్టము అట్టివారిని తీవ్ర మనోవేదనలో ఉన్నవారిగానే చూడాలని, శిక్షించరాదని చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నమును నేరముగా ఎంచిన పాత సెక్షను లేదు. భయపడి ఆలస్యము చేయకండి.

కాపరులకు, సంఘపెద్దలకు

కామారెడ్డిలో ఆ వైద్యుడు చాలాసేపు ఓపికగా విన్నాడు. రక్తపరీక్షలు వ్రాశాడు, మందు వ్రాశాడు, వారము తరువాత రమ్మన్నాడు. నేను కాపరినని తెలిసి, చివరకు నా వైపు తిరిగి, “మీరు ప్రార్థన చేయండి సార్, మంచిదే. మాత్రలు మానమని మాత్రం చెప్పకండి” అన్నాడు. నేను చేతులు జోడించాను.

మొదటి రెండు వారాలు గుణము కనబడలేదు. వికారముతో పిల్లవాడు మాత్ర వద్దన్నాడు. తల్లి కూడా “ఇది పడుతలేదు, ఆపుదామా అయ్యగారూ?” అని అడిగింది. వైద్యునికి ఫోన్ చేసి అడిగి, భోజనము తరువాత ఇచ్చాము. నేను ప్రతి సాయంత్రము వాళ్ల ఇంటికి వెళ్లేవాడిని. ప్రసంగము చేయలేదు. వరి కోతలైన పొలాల గట్ల మీద ఇద్దరము నడిచేవాళ్లము. కొన్ని రోజులు ఒక్క మాట లేకుండానే తిరిగి వచ్చేవాళ్లము. ఆరవ వారములో ఒక సాయంత్రము అతడే అన్నాడు, “రాత్రి మంచిగ నిద్రపట్టింది అయ్యగారూ” అని. నా పరిచర్యలో నేను విన్న గొప్ప సాక్ష్యములలో అది ఒకటి.

అందుకే తోటి సేవకులకు నా మనవి. మన దగ్గరకు వచ్చిన బిడ్డను ముందుగా నిద్ర, ఆహారము, ప్రాణభయము గురించి అడుగుదాము. నిరాశను పాపమని తొందరపడి తీర్పు తీర్చకుందాము. స్వస్థత కూటములలో ఎవరినీ మందులు పారవేయుమని చెప్పకుందాము. మానసిక రోగిని ఎక్కడైనా గొలుసులతో కట్టివేయుట చట్టము నిషేధించిన పని అని, అంతకంటె ముందు దేవుని స్వరూపమునకు అవమానమని గుర్తుంచుకుందాము. మనతో చెప్పుకున్న సంగతి ప్రార్థన విన్నపము పేరుతో సంఘమంతటా చాటకుందాము. 14416 నంబరును మందిరపు నోటీసు బోర్డు మీద వ్రాసి పెడదాము. అన్నిటికంటె ముఖ్యముగా, వైద్యుని దగ్గరకు వెళ్లే రోజున తోడు వెళ్దాము. ప్రార్థన ఆ బస్సులో కూడా చేయవచ్చు.

పరుపెత్తుకొని నడచినవాడు

ఆ యువకునికి ఒక సంవత్సరము చదువు వెనుకబడింది. దానిని దాచి చెప్పను. మధ్యలో ఒకసారి మందు తనంతట తాను మాని మరల జబ్బుపడ్డాడు, మరల వైద్యుని దగ్గరకు వెళ్లాము. తండ్రి గల్ఫ్ నుండి వచ్చి, కొడుకు ప్రక్కన కూర్చొని, “సదువు పోతే పోనీ బిడ్డా, నువ్వుంటే చాలు” అని ఏడ్చిన దినము ఆ ఇంటిలో పండుగవలె ఉండినది. పోయిన పేపర్లు వ్రాశాడు, 2025లో పీజీ పూర్తి చేశాడు. ఉద్యోగము ఇంకా రాలేదు, వెదుకుచున్నాడు. ఆదివారము డోలక్ మరల వినబడుతున్నది.

ఆ తరువాత ఒక రాత్రి అతని నుండి ఫోన్ వచ్చింది. నా గుండె గుభేలుమన్నది. “భయపడకుండ్రి అయ్యగారూ, నాకేం కాలే. మా జూనియర్ పిల్లగాడొకడు మనసు బాగలేదని ఏడుస్తున్నడు. రాత్రంత దగ్గరనే ఉంట. పొద్దుగాల దావఖానకు తోలుకపోత. జర ప్రార్థన చేయుండ్రి” అన్నాడు.

కపెర్నహూములో నలుగురు మోసుకొని వచ్చిన మనుష్యుడు, తిరిగి వెళ్లేటప్పుడు తన పరుపు తానే ఎత్తుకొని వెళ్లాడు. మన యువకుడు ఇప్పుడు మరియొకని పరుపునకు ఒక మూల పట్టుకున్నాడు. మీ వీధిలో, మీ సంఘములో, మీ ఇంటిలోనే మూల పట్టేవారి కొరకు ఎదురుచూచే పరుపు ఉండవచ్చు. ఈ రాత్రి భోజనము దగ్గర మీ బిడ్డను మార్కులు అడగకుండా మనస్సును గురించి అడిగి చూడండి.

నలిగిన హృదయములను బాగుచేయు ప్రభువు మన బిడ్డలను కాపాడును గాక. ఆమెన్.